భూమి కార్డులో "తొమ్మిది పాయింటు రెండు" అంటే ఏమిటి?

గత వేసవిలో ఒక ఊళ్ళో వ్యవసాయ కూలీల సమావేశం జరిగింది. కూలిరేట్ల విషయం అయిపోయింది, అందరూ లేవబోతున్నారు. అప్పుడు వెనక వరసలోంచి ఒక అక్క కొంగుముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన అట్ట కాగితం ఒకటి మా చేతికిచ్చింది. అది భూమి ఆరోగ్య కార్డు. "అన్నా, ఇందులో తొమ్మిది పాయింటు రెండు అని వేశారు. బళ్ళో అయితే ఎక్కువ మార్కులు వస్తే మంచిది గదా. మా చేనుకు మంచి మార్కులొచ్చినట్టా, చెడ్డవొచ్చినట్టా?" అని అడిగింది.

నిజం చెప్పాలంటే, ఆ రోజు మేము సరైన జవాబు చెప్పలేకపోయాం. "చౌడు అని రాశారక్కా" అన్నాం. "చౌడని నాకు తెలియదా? ఇరవై ఏళ్ళ నుంచి అందులో విత్తనాలు పోసి నష్టపోతున్నది నేను గదా" అన్నది ఆమె. ఆ మాట మమ్మల్ని వదల్లేదు. తరువాత హైస్కూలు పుస్తకాలు తెచ్చుకుని, వ్యవసాయ కళాశాల వాళ్ళను అడిగి, తెలిసినంత నేర్చుకున్నాం. ఇది ఆమెకు ఆలస్యంగా చెబుతున్న జవాబు.

ఆ అంకెను పి.హెచ్. అంటారు. ఒక వస్తువులో పులుపు గుణం ఎంత, సున్నపు గుణం ఎంత అని చెప్పే కొలత అది. పులుపు గుణాన్ని పుస్తకాల్లో ఆమ్లం అనీ, సున్నపు గుణాన్ని క్షారం అనీ రాస్తారు. పేర్లు కొత్తగానీ వస్తువులు మనకు కొత్తవి కావు. చింతపండు, నిమ్మకాయ, పులిసిన మజ్జిగ, ఇవన్నీ ఆమ్లాలు. ఎర్రచీమ కుట్టినప్పుడు మండేదీ ఒక ఆమ్లమే. సున్నం, బూడిద నీళ్ళు, చాకలిసోడా, వంటసోడా, ఇవి క్షారాలు. ఆమ్లం నాలుకకు పుల్లగా తగులుతుంది. క్షారం వేళ్ళ మధ్య రాస్తే సబ్బులాగా జారుతుంది. అలాగని ప్రతిదాన్నీ నాలుక మీద పెట్టి చూడకండి. బ్యాటరీలో పోసేదీ ఆమ్లమే.

వీటిని పట్టిచ్చే సాక్షి మన వంటింట్లోనే ఉంది. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా వస్తుందని ప్రతి ఆడమనిషికీ తెలుసు. ఆ ఎరుపు మీద నిమ్మరసం పిండండి, మళ్ళీ పచ్చబడుతుంది. క్షారం తగిలితే ఎరుపు, ఆమ్లం తగిలితే పసుపు. మందార పువ్వు రసమూ అంతే. పులుపులో ఎరుపెక్కుతుంది, సున్నపు నీళ్ళలో ఆకుపచ్చకు తిరుగుతుంది. ఇంగ్లండులో రాబర్ట్ బాయిల్ అనే ఆయన 1664లో అచ్చువేసిన పుస్తకంలో ఇట్లాగే పువ్వుల రసాలతో ఆమ్లాలనూ క్షారాలనూ పట్టుకోవడం గురించి రాశాడు. పెళ్ళిళ్ళలో పారాణి దిద్దే మన అమ్మలక్కలు ఆ పని ఎన్ని తరాల నుంచి చేస్తున్నారో ఎవరూ పుస్తకంలో రాయలేదు, అంతే తేడా.

అసలు లోపల జరిగేదేమిటో స్వీడన్ దేశస్థుడు అర్హీనియస్ తేల్చాడు. ఆమ్లాన్ని నీళ్ళలో వేస్తే విద్యుదావేశం ఉన్న హైడ్రోజన్ కణాలు విడిపోతాయి, క్షారాన్ని వేస్తే హైడ్రాక్సైడ్ కణాలు విడిపోతాయి, రెండూ ఎదురుపడితే కలిసిపోయి నీళ్ళవుతాయి, మిగిలిన భాగాలు కలిసి లవణం, అంటే ఒకరకం ఉప్పు అవుతుంది అన్నాడు. పదార్థాలు నీళ్ళలో ఇట్లా విడిపోతాయన్న మాట మొదట ఆయన 1884లో తన పరిశోధనా పత్రంలో పెడితే, పెద్ద ప్రొఫెసర్లు నమ్మక అట్టడుగు మార్కులిచ్చారు. అదే పనికి 1903లో నోబెల్ బహుమతి వచ్చింది. బళ్ళో మార్కులు సరిగా రానివాళ్ళం ఈ పేజీ చదివేవాళ్ళలో చాలామందిమి ఉన్నాం కాబట్టి ఈ ముక్క కూడా రాస్తున్నాం.

ఇక అంకె సంగతి. 1909లో డెన్మార్కులో, ఒక బీరు కంపెనీ ప్రయోగశాలలో పనిచేసే సోరెన్‌సెన్ అనే శాస్త్రవేత్త ఈ కొలతను తయారుచేశాడు. మంచి నీళ్ళకు 7. ఏడుకు కిందికి పోయేకొద్దీ పులుపు, పైకి పోయేకొద్దీ క్షారం. కాబట్టి అక్కా, ఇది బడి మార్కు కాదు. ఇందులో ఎక్కువా చెడ్డే, మరీ తక్కువా చెడ్డే. చాలా పైర్లకు ఆరున్నర నుంచి ఏడున్నర మధ్య ఉంటే హాయి.

ఇక్కడే ఒక మోసం ఉంది. ఎవరూ మోసం చేయాలని చేసింది కాదు, లెక్కలోనే ఉంది. ఏడున్నరకూ తొమ్మిది పాయింటు రెండుకూ తేడా చూస్తే రెండు కూడా లేదు, "కొంచెమేగదా" అనిపిస్తుంది. కానీ ఈ లెక్కలో ఒక్క మెట్టు ఎక్కితే పదింతలు. రెండు మెట్లు ఎక్కితే నూరింతలు. ఏడున్నర ఉన్న మంచి చేనుతో పోల్చుకుంటే ఆ అక్క చేనులో క్షారం దాదాపు యాభై రెట్లు. వడ్డీ వ్యాపారి నోటు మీద చిన్న అక్షరాలతో రాసిన అంకెలాంటిది ఇది. చూడటానికి చిన్నది, మోసేవాడికి తెలుస్తుంది బరువు.

భూమి కార్డుల పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2015 ఫిబ్రవరిలో రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో ప్రారంభించింది. కార్డులో పన్నెండు రకాల కొలతలు ఉంటాయి. పి.హెచ్., ఉప్పు శాతాన్ని చెప్పే ఇ.సి., సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్. పథకం మంచిదే, కాదనం. కానీ అంకె అచ్చువేసి చేతిలో పెట్టి పోతే ఏం లాభం? ఇంగ్లీషు మందుల చీటీ రాసి, మందుల షాపు ఎక్కడుందో చెప్పకుండా పోయిన డాక్టరు వ్యవహారంలాగా ఉంది.

చౌడులో రెండు రకాలున్నాయి. ఈ తేడా తెలియక డబ్బు పోగొట్టుకున్నవాళ్ళను మేము చాలామందిని చూశాం. ఒకటి పాలచౌడు. ఎండాకాలం నేలమీద తెల్లగా ఉప్పు పూస్తుంది, నీళ్ళు పెడితే తేటగా నిలబడతాయి. ఇందులో ఉప్పు ఎక్కువ, పి.హెచ్. మాత్రం ఎనిమిదిన్నర దాటదు. రెండోది కారుచౌడు. నేల నల్లగా జిడ్డుగా కనిపిస్తుంది. వాన పడితే బురదనీళ్ళు రోజుల తరబడి ఇంకకుండా, తేటపడకుండా నిలుస్తాయి. ఎండితే రాయిలా బిగిసి పగులుతుంది. పి.హెచ్. ఎనిమిదిన్నర దాటి ఉంటుంది. తొమ్మిది పాయింటు రెండు అంటే కారుచౌడు అని అనుమానించాల్సిందే.

ఆ నలుపు ఎక్కడిది? పాతకాలంలో రజకులు చౌడుమట్టి తెచ్చి, బట్టలకు పట్టించి, ఉబ్బ వేసి ఉతికేవారు. ఆ మట్టిలో ఉన్నది సోడియం కార్బొనేటు, అంటే చాకలిసోడాయే. బట్టలోని జిడ్డునీ మురికినీ లాగినట్టే, చేనులో అది మట్టిలోని కుళ్ళిన ఆకూ అలమూ సారాన్ని కరిగించి పైకి తెస్తుంది. ఆ సారమే నల్లగా పైన పేరుకుంటుంది. అంతేకాదు. బంకమట్టి రేణువులను సోడియం పట్టుకుంటే అవి ఒకదానికొకటి అతుక్కోకుండా విడివిడిగా చెదిరి, నేలలోని సందులన్నీ మూసేస్తాయి. నీళ్ళు దిగవు, గాలి ఆడదు, వేరు పోదు. గుంపుగా ఉంటేనే మట్టికి గుల్లతనం, విడగొడితే మట్టి కూడా ఎందుకూ పనికిరాదు.

మందు జిప్సం. జిప్సం ఆమ్లమూ కాదు, క్షారమూ కాదు, ఒక లవణం, కాల్షియం సల్ఫేటు. అందులోని కాల్షియం వెళ్ళి మట్టిరేణువు మీద కూర్చున్న సోడియాన్ని లేపి, తాను అక్కడ కూర్చుంటుంది. లేచిన సోడియం సల్ఫేటుతో కలిసి నీళ్ళలో కరుగుతుంది. ఆ నీళ్ళను బయటికి పంపితే సోడియం పోయినట్టు. పంపకపోతే? అక్కడే ఉంటుంది, మళ్ళీ ఎక్కుతుంది. మురుగు కాలవ లేకుండా జిప్సం వేయడం, చిల్లుకుండలో గంజి పోసినట్టు కాదు, అసలు చిల్లే లేని కుండలో మురికినీళ్ళు కడిగినట్టు.

కొందరు షాపులవాళ్ళు "చౌడుకు సున్నం వెయ్యి" అని అమ్ముతున్నారు. అది తప్పు. సున్నం పుల్లనేలల మందు. కేరళ, ఒడిశా, ఈశాన్య రాష్ట్రాల్లో వానలు సున్నపు సారాన్ని కడిగేసిన నేలలకు వేస్తారు. కారుచౌడులో సున్నం వేయడం, దాహం వేసినవాడికి ఉప్పునీళ్ళివ్వడమే. మరి ఆమ్లం పోస్తే క్షారం చావదా అని ఒక యువకుడు అడిగాడు. తెలివైన ప్రశ్న. నేలలో సున్నపురాయి ముక్కలుంటే గంధకామ్లం వాటితో కలిసి అక్కడికక్కడే జిప్సం తయారవుతుంది. గంధకం పొడి వేసినా మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని నెమ్మదిగా గంధకామ్లం చేస్తాయి. శాస్త్రం ఒప్పుకుంటుంది, జేబు ఒప్పుకోదు. పైగా ఆ ఆమ్లాన్ని చేనులో పోసేది మన కూలీవాడే.

పాలచౌడుకైతే జిప్సం కూడా దండగ. గట్లు వేసి, మంచినీళ్ళు నిలబెట్టి, మూడు నాలుగు సార్లు తీసేస్తే చాలావరకు ఉప్పు దిగిపోతుంది. ఇ.సి. నాలుగు దాటితే పాలచౌడు అంటారు. అయితే ఆ నాలుగు మట్టిముద్ద నుంచి పిండిన నీళ్ళలో కొలిచిన లెక్క. నీళ్ళు ఎక్కువ కలిపి కొలిస్తే అంకె తక్కువ వస్తుంది. ఏ పద్ధతిలో కొలిచారని లాబ్‌లో అడగండి. అడిగితే కోప్పడేవాళ్ళుంటారు, అయినా అడగండి.

ఇదంతా కొత్త విద్య కాదు. చౌడు భూముల కోసమే 1969లో హర్యానాలోని కర్నాల్‌లో కేంద్ర పరిశోధనా సంస్థ పెట్టారు. మన బాపట్లలోనూ ఈ పరిశోధన జరుగుతోంది. దేశంలో సుమారు 67 లక్షల హెక్టార్లు చౌడు అని కర్నాల్ వాళ్ళ లెక్క. అందులో సగానికి పైగా కారుచౌడే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఆ లెక్కలో 2 లక్షల 74 వేల హెక్టార్లు వచ్చాయి. పంజాబ్, హర్యానాల్లో జిప్సం మీద సబ్సిడీ ఇచ్చి లక్షల ఎకరాలను వరి, గోధుమ చేలుగా మార్చారు. ఉత్తరప్రదేశ్‌లో 1993 నుంచి ఊసర భూముల బాగు పథకం నడిచింది. అది ప్రపంచ బ్యాంకు అప్పుతో నడిచింది, ఆ అప్పు సంగతి వేరే చర్చ. కానీ పట్టా ఇచ్చిన పేదవాడి చేను కూడా బాగుపడుతుందని మాత్రం అక్కడ రుజువైంది.

మన దగ్గర ఏం జరిగింది? సాగర్ కాలవలకు 1967లో నీళ్ళు వదిలారు. నీళ్ళతో పంటలూ వచ్చాయి, పల్లపు చేలల్లో ఊటా వచ్చింది, ఊట వెనకే కొన్నిచోట్ల చౌడూ వచ్చింది. మెరక మాగాణి ఎవరిదో, పల్లపు చౌడు ఎవరిదో చెప్పనక్కరలేదు. పేదలకు భూమి పంచాలని మనం పోరాడినప్పుడు సర్కారు పంచిన వాటిలో బీళ్ళూ, రాళ్ళూ, చౌళ్ళూ ఎన్నో. పట్టా కాగితం ఇచ్చి ఫోటో దిగారు. 1977లో అసైన్డ్ భూములను ఎవరూ కొనరాదని చట్టం చేశారు. చట్టం కాగితం మీద ఉండగానే ఎన్ని చేలు కౌలు పేరుతోనూ, తాకట్టు పేరుతోనూ చేతులు మారాయో మీ మీ ఊళ్ళలో మీకు తెలుసు. "పనికిరాని చౌడేగదా, ఇచ్చెయ్" అని తీసుకున్నవాడు రెండేళ్ళలో జిప్సం వేసి, బోరు వేసి, వరి కోసుకుంటాడు. ఇచ్చినవాడు అదే గట్టు మీద కూలికి నిలబడతాడు. ఆ అక్క ఎకరాన్ని కూడా ఒకాయన అట్లాగే అడుగుతున్నాడని తరువాత తెలిసింది. అందుకే అంటున్నాం, తొమ్మిది పాయింటు రెండు అంటే "పనికిరాదు" అని కాదు. వైద్యం ఉన్న జబ్బు అని.

వైద్యం ఖర్చు మాత్రం తక్కువేం కాదు. గంగా మైదానంలోని తీవ్రమైన కారుచౌడుకు హెక్టారుకు 10 నుంచి 15 టన్నుల దాకా జిప్సం వేయమని కర్నాల్ వాళ్ళు చెప్పారు. ఎకరాకు 4 నుంచి 6 టన్నులు. నాలుగు టన్నులంటే యాభై కిలోల బస్తాలు ఎనభై. తొమ్మిది పాయింటు రెండుకు అంత పట్టకపోవచ్చు. "జిప్సం అవసరం" అని వేరే పరీక్ష ఉంది, లాబ్‌లో అది చేయించాలి. ఒక్క కూలీ కుటుంబం ఇన్ని బస్తాలు కొనడం కల్ల. విశాఖ, పారాదీప్ లాంటి చోట్ల భాస్వరం ఎరువుల ఫ్యాక్టరీల్లో రాతి ఫాస్ఫేటును గంధకామ్లంతో ఉడికించినప్పుడు జిప్సం గుట్టలుగా మిగులుతుంది. మిగిలింది గుట్ట, కావలసింది చేను. ఈ రెంటి మధ్య లారీ కిరాయి భరించేది ఎవరన్నదే ప్రశ్న. పట్టా ఇచ్చిన ప్రభుత్వమే భరించాలని మా డిమాండు. గట్లు, మురుగు కాలవలు, చదును చేయడం, ఇవి కూలీల పనులు. 2005 ఉపాధి హామీ చట్టంలో దళిత, గిరిజనుల చేలలోనూ, భూసంస్కరణల్లో భూమి వచ్చినవాళ్ళ చేలలోనూ ఇలాంటి పనులు చేయవచ్చని రాయించుకున్నాం. పథకాల పేర్లు మార్చినా ఆ పని హక్కును వదులుకునేది లేదు.

ఎరువుల విషయంలో ఒక మాట. క్షారం ఎక్కువ ఉన్న చేలో యూరియా చల్లితే అది అమ్మోనియా వాయువై చాలాభాగం గాలిలోకి పోతుంది. నమ్మకపోతే చూడండి. చిటికెడు అమ్మోనియం సల్ఫేటులో చిటికెడు తడి సున్నం కలిపి నలపండి, ముక్కుపుటాలు అదిరే వాసన వస్తుంది. ఆ వాసన మీ నత్రజని, మీ డబ్బు. బూడిదా సున్నమూ అమ్మోనియం ఎరువులతో కలపకూడదనేది ఇందుకే. చౌడు చేలో యూరియాను ఒక్కసారే గుమ్మరించక, విడతలుగా తడిలో కలిసేట్టు వేయాలి. జింకు కూడా క్షారంలో కరగక మట్టిలో ఉండీ లేనట్టవుతుంది. వరి ఆకులు తుప్పు పట్టినట్టు మచ్చలొస్తే ఎక్కువసార్లు అదే. లీటరు నీళ్ళకు రెండు గ్రాముల జింకు సల్ఫేటు పిచికారీ చేస్తారు. వేరుశెనగ పాలిపోయి తెల్లబడితే ఇనుము అందలేదని అర్థం. అప్పుడు అన్నభేదిలో కొంచెం నిమ్మఉప్పు కలిపి కొడతారు. లీటరుకు అయిదు గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మఉప్పు. ఆ నిమ్మఉప్పు ఎందుకంటే, పులుపుంటేనే ఇనుము కరిగి ఉంటుంది గనుక. పురుగుమందుల షాపువాడు ఈ తెల్లదనానికి తెగుళ్ళ మందు అంటగడితే తీసుకోకండి.

చివరికి మన ఒంటి సంగతి. చేపల, రొయ్యల చెరువుల్లో సున్నం, బ్లీచింగ్ పొడి ఉత్త చేతులతో చల్లిస్తున్నారు. మా సంఘం సభ్యుడొకడికి గాలికి సున్నం ఎగిరి కంట్లో పడింది. పక్కనున్నవాళ్ళు మంచి మనసుతోనే "సున్నానికి పులుపు విరుగుడు" అని నిమ్మకాయ పిండారు. ఇప్పుడు ఆ కన్ను మసక. యజమాని ఆసుపత్రి ఖర్చు కూడా ఇవ్వలేదు. క్షారానికి ఆమ్లం విరుగుడన్నది గాజుపాత్రలో నిజం, కంట్లో కాదు. రెండూ కలిసినప్పుడు వేడి పుడుతుంది, పుండు రెండింతలవుతుంది. కంట్లో, ఒంటిమీద ఏది పడినా నీళ్ళే మందు. పొడి సున్నమైతే ముందు దులిపి, ఆ తరువాత ధారగా ఇరవై నిమిషాలు కడగాలి. కడుగుతూనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఆమ్లంకన్నా క్షారం కంటికి ఎక్కువ ప్రమాదం, లోలోపలికి తింటూ పోతుంది. బ్లీచింగ్ పొడినీ, పాయిఖానా కడిగే ఆసిడ్‌నూ ఎప్పుడూ కలపవద్దు, విషవాయువు వస్తుంది. ఆసిడ్‌లో నీళ్ళు పోయకూడదు, నీళ్ళలోనే ఆసిడ్‌ను కొద్దికొద్దిగా పోయాలి. కళ్ళద్దాలూ, రబ్బరు తొడుగులూ, గట్టు మీద రెండు బిందెల మంచినీళ్ళూ లేనిదే సున్నం పనిలో దిగవద్దని మా సంఘం ఈ సంవత్సరం తీర్మానించింది.

ఆ అక్క ఊరివాళ్ళు పద్నాలుగు మంది పట్టాదారులు కలిసి మట్టి మళ్ళీ పరీక్షకు పంపుతున్నారు. మీరూ పంపేటట్టయితే చేనులో ఎనిమిది పది చోట్ల, జానెడు లోతున, V ఆకారపు గుంట తీసి అంచు మట్టి గీకండి. గట్టు పక్కా, పెంటకుప్ప కిందా తీయవద్దు. చౌడు పడిన మడి మట్టి, బాగున్న మడి మట్టి వేరువేరు సంచుల్లో కట్టాలి. నీడలో ఆరబెట్టి, పేరూ సర్వే నెంబరూ రాసిన చీటీ లోపల పెట్టండి. జిప్సం వేసేది తొలకరికి ముందు. పైపైన కలియదున్ని, నీళ్ళు నిలగట్టి, పదిహేను రోజులకు వదిలేసి, జీలుగ చల్లాలి. పూతకొచ్చినప్పుడు దాన్ని కలియదున్నితే తరువాత వరి నాటవచ్చు. జీలుగ విత్తనాల కోసం వ్యవసాయ కార్యాలయంలో ఇప్పుడే పేర్లు రాయించండి, వానలు పడ్డాక అడిగితే అయిపోయాయంటారు.